మెడ లోతు

తలుపులకు, బీరువాలకు, ఒకసారి శవపెట్టెకు కూడా
పాలిష్ పట్టినా గానీ
గిటారు మెడ చేతిలోకి రావడం ఇదే మొదలు.

ఏబేలు తెచ్చి బల్ల మీద పెట్టినాడు.
పాత టేకు, పైన జిట్రేగి పలక,
ఇరవై రెండు ఇత్తడి మెట్లు,
లోపల ఇనుప చువ్వ ఉందంట, వెన్నుపూస లాగా.
"యాడిదిరా ఈ చెక్క?"
"మా జేజి మంచం పట్టె, అత్తా."

ఆ మంచం నాకు తెలుసు.
వరదొచ్చిన ఏడు బుధవారపేటలో
మిద్దెల మీద మేము, కింద వీధిలో మంచాలు
నాలుగు కాళ్లూ పైకెత్తి పోతుండె.

ఉప్పు కాగితం మూడు రకాలు అరిగింది.
నూట ఇరవైకి బురద వాసన లేచింది, ఇన్నేండ్ల తర్వాత.
రెండొందల ఇరవైకి అది పోయి టేకు నూనె వాసన.
నాలుగొందలకు ఏ వాసనా లేదు,
అరచెయ్యి జారడమే.
ఒక నల్ల గీత మాత్రం పోలే,
ఐదో మెట్టు వెనక అడ్డంగా,
నీళ్లు నిలబడిన గీత.
లప్పం పెడదామా అంటే
ఏబేలు తల అడ్డంగా ఊపినాడు.
"ఉండనీ. బొటనవేలికి గుర్తు."

మా ఉసేని గడప మీద కూర్చొని దగ్గుతా
"పలచగా, పలచగా" అంటుంటాడు.
ముప్పై ఏండ్లు స్పిరిటు పీల్చిన రొమ్ము ఆయనది.
లోపలికి పోవద్దన్నాడు డాక్టరు,
మాట మాత్రం వస్తుంది.
నేల మీద నీళ్లు చల్లి దుమ్ము పండబెట్టి,
ఫ్యాను ఆపి, ఊపిరి కూడా సగమే తీసి,
దూది గుడ్డను చపడాలో ముంచి లాగినా
ఒక్క లాగు.
మధ్యలో ఆగితే మచ్చ.
దూలానికి తంతితో కడితే
రాయి కట్టని పొట్లకాయ మాదిరి వేలాడింది రాత్రంతా.
పిల్లి ఒకటి కింద కూర్చొని దాన్నే చూసింది.

ఇక తల.
పేరు రాజ్‌విహార్ దగ్గర ఫ్లెక్సీల అంగట్లో అచ్చేయించుకొచ్చినాడు.
అగ్గిపెట్టె అంత కాగితం, బంగారు రంగు తెలుగు అక్షరాలు:
హంద్రి.

"ఇంకే పేరూ దొరకలేదా నీకు?"
నా పెండ్లి పెట్టె, బిడ్డ బడి సర్టిఫికెట్టు,
రేషన్ కార్డు మీద మా నలుగురి పేర్లు,
అన్నీ కడుక్కొని పోయినదాని పేరు
నా చేత అంటిపిస్తావా?
వాడు ఏమీ అనలే.
సాసర్లో నీళ్లు పోసినాడు.

కాగితం మునిగింది.
అర నిమిషం.
అంచులు వదులై, అక్షరాలు కాగితాన్ని విడిచి
కొంచెం పక్కకు జరిగినాయి.
నేను ఇది చూసినా ఇంతకు ముందు.
మోకాటి బురదలో వంగి కార్డు తీస్తే
కార్డు చేతికొచ్చింది,
సిరా మాత్రం నీళ్లలోనే ఆగి
ఒక్క క్షణం నా పేరు ఆకారంలోనే ఉండి...
సరే.
చేతులు తడి చేసుకున్నా.

జార్చినా తల మీదికి.
తడి దూదితో మధ్య నుంచి అంచులకు.
సున్నా కింద ఒక బుడగ,
ఒత్తితే పోదు, పక్కకు జరిగి మళ్లా వస్తుంది.
పూసలు కుట్టే సూదితో పొడిచినా.
చిట్టి నీటిబొట్టు బయటికొచ్చింది.
గుడ్డ వెతుకుతుంటే
ఏబేలు బొటనవేలితో తుడిచి ప్యాంటుకు రాసుకున్నాడు.

స్పిరిటు తగిలితే అక్షరం కరుగుతుంది.
చపడా మానేసి లాకరు కొట్టినా, చిన్న గన్నుతో,
తుంపర మాదిరి.
రోజుకొక పూత. పదకొండు.
ప్రతి పూతకూ పేరు అంచు ఇంకొంచెం లోపలికి మునిగింది,
మోకాళ్ల లోతు, నడుం లోతు, మెడ లోతు.

పన్నెండో నాడు ఉసేని గడప దాటొచ్చినాడు.
అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు,
పాలిష్‌ను కండ్లతో చూడడు ఆయన.
బొటనవేలు తల మీద ఈ చివర నుంచి ఆ చివరకు,
మళ్లా ఆ చివర నుంచి.

"ఏందే, పేరు యాడ పెట్టినావు?
వేలికి తగలడం లేదే."